పళ్ల మీద మచ్చ మురికి కాదు: ఇంటి చిట్కాలు, మన వాడ నీళ్లు

పెబ్బేరు సంతలో పశువుల బేరాలు జరిగే చోటు దాటి రోడ్డు పక్కకు వస్తే, ఒకచోట గోనెపట్టా మీద ఎర్ర పళ్లపొడి పొట్లాలు, బొగ్గుపొడి డబ్బాలు, చవక బ్రష్‌లు పరిచి ఉన్నాయి. వారం రోజుల్లో పళ్లు ముత్యాల్లా మారతాయని అమ్మే మనిషి కేకేస్తున్నాడు. మాతో వచ్చిన డిగ్రీ విద్యార్థిని అక్కడ ఆగింది. ఏమీ కొనలేదు. నాలుగు అడుగులు నడిచాక, పక్కన ఎవరూ లేరని చూసుకుని అడిగింది: “అక్కా, నిమ్మకాయ, ఉప్పు వెట్టి రుద్దితే పండ్లు తెల్లగైతయంట. రెండు నెలల సంది రుద్దుతున్న. తెల్లగైతలేవు గాని సల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటున్నయ్. ఇంకెన్ని దినాలు రుద్దాలె?”

ఎందుకు మొదలుపెట్టిందో తర్వాత చెప్పింది. క్లాసులో ఒకమ్మాయి నవ్వుతూ “మీ వాడల పండ్లు తోముకోరా?” అన్నదట. అప్పటి నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతోంది. రోజుకు రెండుసార్లు తోముకునే పిల్ల ఆమె.

ఆ మాట మనకు కొత్త కాదు. మురికివాళ్లనే ముద్ర వేసి దూరం పెట్టడం, తర్వాత శుభ్రత పాఠాలు చెప్పడానికి మళ్లీ మన వాడకే రావడం తరాలుగా చూస్తున్నాం. నీళ్లు దొరకనివ్వని వాళ్లే శుభ్రత గురించి ఎక్కువ మాట్లాడారు. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు కోపంతో మాత్రమే జవాబు చెప్పలేం. పళ్లు ఎందుకు పచ్చబడతాయి, ఏ మచ్చ దేనివల్ల వస్తుంది, ఇంట్లో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది మనకు తెలిసి ఉండాలి. అప్పుడే ఆ అవమానానికి సరైన జవాబు దొరుకుతుంది.

పళ్ల సహజ రంగు పాలతెలుపు కాదు

పన్ను పైన ఉండే పొర ఎనామెల్. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. అది చాలావరకు పారదర్శకంగా ఉంటుంది. దాని కింద ఉండే డెంటిన్ పొర లేత పసుపు రంగులో ఉంటుంది. మనకు కనిపించే పన్ను రంగు ఎక్కువగా ఆ డెంటిన్‌దే. అందుకే ఆరోగ్యంగా ఉన్న పళ్లు కూడా లేత పసుపు ఛాయలో ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఎనామెల్ అరిగి, డెంటిన్ మందమై ఆ ఛాయ ఇంకా పెరుగుతుంది. ప్రకటనల్లో కనిపించే కాగితం తెలుపు చాలాసార్లు రసాయనాలతోనో, అతికించిన తొడుగులతోనో, ఫోటో దిద్దడంతోనో వచ్చినది.

ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఎనామెల్‌లో జీవకణాలు ఉండవు. చర్మం గీసుకుపోతే మళ్లీ వస్తుంది, ఎనామెల్ అరిగితే మళ్లీ పెరగదు. కాబట్టి ఎనామెల్‌ను అరగదీసే ఏ చిట్కా అయినా కొన్నాళ్లకు పన్నును ఇంకా పచ్చగా చేస్తుంది. తెల్లబడాలని రుద్దినకొద్దీ కింది పసుపు పొర బయటపడుతుంది.

నిమ్మ, ఉప్పు, బొగ్గు, ఇటుక పొడి

ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఎక్కువగా కనిపించే చిట్కా నిమ్మరసం. నోటిలో ఆమ్లం పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2కు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. ముందు నిమ్మరసం ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది, ఆ వెంటనే ఉప్పు గరుకుదనం దాన్ని గీకేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు పైమచ్చ పోయి తెల్లబడినట్టే అనిపిస్తుంది. తర్వాత ఆ విద్యార్థిని చెప్పినట్టు చల్లటిది, పుల్లటిది తగిలితే జివ్వుమనడం మొదలవుతుంది. పన్ను లోపలి నరానికి కాపలా పలచబడిందని దాని అర్థం.

బొగ్గుపొడి, ఇటుక పొడి, ఇసుక కలిసిన బూడిద కూడా గీకే పదార్థాలే. మన అమ్మమ్మలు కచ్చిక బూడిదతో, బొగ్గుతో తోమారంటే దుకాణంలో కొనే డబ్బు లేక తోమారు. ఇప్పుడు అదే బొగ్గును నల్ల ట్యూబుల్లో నింపి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రిక 2017లో బొగ్గు పేస్టులు, పొడుల మీద అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించింది. అవి పళ్లను తెల్లబరుస్తాయనడానికీ, సురక్షితమనడానికీ తగిన ఆధారాలు లేవని తేల్చింది.

వంట సోడా వీటితో పోలిస్తే తక్కువ గరుకు. టీ మరక లాంటి పైమచ్చను కొంత తీస్తుంది. కానీ దానిలో పుచ్చును ఆపే గుణం లేదు కాబట్టి పేస్టుకు బదులుగా పనికిరాదు. నిమ్మరసంతో కలిపి వాడితే మళ్లీ మొదటి సమస్యే.

ఎర్ర పళ్లపొడి కొనేటప్పుడు మరో జాగ్రత్త. పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. ఆ నిషేధాన్ని 1997లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఏం కలిపారో రాసి లేని, తయారీ చిరునామా లేని పొట్లాన్ని ఎంత చవకైనా కొనొద్దు. పొడి రుద్దుకోగానే కాస్త మత్తుగా, హుషారుగా అనిపిస్తే అందులో పొగాకు ఉందేమోనని అనుమానించాలి.

వేపపుల్ల, కానుగపుల్ల మాటేమిటి? కొసను నమిలి కుంచెలా చేసి, చిగురు మీద గట్టిగా గుచ్చకుండా, లోపలి పళ్లదాకా నిదానంగా తోమితే పాచి పోతుంది. అదేమీ నామోషీ పని కాదు. కానీ పుల్లలో పుచ్చును ఆపేంత ఫ్లోరైడ్ ఉండదు. పొద్దున పుల్లతో తోమినా రాత్రికి పేస్ట్ వాడటం మంచిది.

ఏ మచ్చ ఎక్కడిది?

పళ్ల మీద కనిపించే రంగు అంతా ఒకటే కాదు. మూడు రకాలుగా చూస్తే అర్థమవుతుంది.

మొదటిది పైమచ్చ. టీ, తమలపాకు, వక్క, జర్దా, ఖైనీ, బీడీ వల్ల వచ్చేది. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అక్కడ ఉన్నారు. పన్నెండు గంటల పని, సరైన తిండి లేని పొద్దు, మధ్యలో తంబాకు సున్నం నలిపి పెదవి కింద పెట్టుకుంటే ఆకలి తెలియదు. డ్రైనేజీలో దిగే కార్మికులు కంపును తట్టుకోలేకే గుట్కా, మందు అలవాటు చేసుకున్నామని చెబుతారు. ఆ మచ్చను చూసి మనిషిని తప్పుపట్టే ముందు పనిని చూడాలి. అయితే అలవాటు చేసే హాని మాత్రం నిజం. నమిలే పొగాకునూ, వక్కనూ కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. నోటిలో తెల్లటి లేదా ఎర్రటి పొర, రెండు మూడు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే పళ్ల రంగు సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మానేయాలనుకునే వాళ్లకు జాతీయ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-2356 ఉంది.

రెండోది గార. రోజూ పళ్ల మీద చేరే మెత్తటి పాచిని తీయకపోతే, ఉమ్మిలోని ఖనిజాలతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. అది ఒకసారి గట్టిపడ్డాక ఏ బ్రష్‌తోనూ, ఏ పొడితోనూ రాదు. సూదితో, పిన్నుతో గీకితే చిగురు చీరుకుపోతుంది. డెంటిస్ట్ చేసే స్కేలింగ్ ఒక్కటే మార్గం. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం ఊళ్లలో చాలా ఉంది. నిజానికి గార నింపిన సందులు ఖాళీ కావడం వల్ల అలా అనిపిస్తుంది. పళ్లను వదులు చేసేది చిగురు కింద పేరుకున్న గారే.

మూడోది పన్ను లోపలి మచ్చ. దెబ్బ తగిలి చచ్చిపోయిన పన్ను నల్లబడటం, చిన్నతనంలో టెట్రాసైక్లిన్ మందులు వాడటం వల్ల వచ్చే బూడిద రంగు చారలు ఈ కోవలోకి వస్తాయి. మన ప్రాంతంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఫ్లోరోసిస్. సుద్దముక్కతో గీసినట్టు తెల్ల చారలు, మచ్చలు, తీవ్రమైతే గోధుమ రంగు మరకలు, గుంటలు. సాధారణంగా నోటికి కుడి, ఎడమ వైపుల పళ్ల మీద ఒకే తీరుగా ఉంటాయి. పన్ను చిగురులోపల తయారయ్యే కాలంలో, అంటే సుమారు ఎనిమిదేళ్ల వయసు లోపు, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేటప్పుడే ఆ మచ్చతో వస్తుంది. ఎంత తోమినా పోదు, ఎందుకంటే అది తోమకపోవడం వల్ల వచ్చింది కాదు.

పెబ్బేరు విద్యార్థిని పళ్ల మీద ఉన్నవి ఈ మూడో రకం మచ్చలని డెంటిస్ట్ చెప్పారు. ఆమె బాల్యం అమ్మమ్మ ఊర్లో గడిచింది, అక్కడ తాగింది బోరు నీళ్లు. తనకంటే చాలా చిన్నవాడైన తమ్ముడు ఇంటికి నల్లా వచ్చాక పుట్టాడు. ఇప్పుడు వాడికి కొత్త పళ్లొస్తున్నాయి, వాటి మీద ఆ చారలు లేవు. ఒకే ఇల్లు, ఒకే అలవాట్లు, మారింది నీళ్లు.

నీళ్ల చరిత్ర

ఈ మచ్చ వెనుక కారణం తెలుసుకోవడానికి ప్రపంచానికి మూడు దశాబ్దాలు పట్టింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో ప్రాక్టీస్ మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే డెంటిస్ట్ అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమ మరకలు గమనించాడు. అవి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనని 1931లో తేలింది. తెలుగు నేల మీద 1937లోనే, అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలో, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతపు ఫ్లోరోసిస్‌ను వైద్యులు రాసిపెట్టారు. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. అంటే సమస్య ఏమిటో, దాన్ని ఎలా తగ్గించాలో దశాబ్దాల కిందటే తెలుసు. అయినా మర్రిగూడ లాంటి మండలాల్లో ఎముకలు వంగిపోయిన తరాలు పుట్టి పెరిగాయి. ఫ్లోరోసిస్ నివారణకు కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది 2008–09లో.

మన దగ్గర గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. భూమి లోతుల్లో నీళ్లు ఎక్కువ కాలం ఆ రాళ్ల మధ్య నిలిస్తే ఫ్లోరైడ్ కరిగి చేరుతుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ కూడా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య ఉన్న జిల్లాల్లో ఒకటి. ఒక బోరులో ఎక్కువుండి వంద గజాల దూరంలోని మరో బోరులో తక్కువుండొచ్చు. చూసి, రుచి చూసి చెప్పలేం. పెబ్బేరుకు దగ్గర్లోనే కృష్ణా నది పారుతుంది, జూరాల ప్రాజెక్టు ఉంది. నది నీళ్లలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. అంత పెద్ద నది పక్కన ఉండి కూడా ఈ ప్రాంతంలో తరాల తరబడి ఎన్నో ఊళ్లు బోరునే నమ్ముకున్నాయి. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాకే నది నీళ్లు ఇళ్లకు చేరడం పెరిగింది.

ఫ్లోరైడ్‌కు కులం తెలియదు. కానీ ఏ బోరు ఎవరికి, నల్లా ఏ వీధికి ముందు, క్యాన్ నీళ్లు కొనే స్థోమత ఎవరికి అన్నవి కులంతో ముడిపడ్డ ప్రశ్నలు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ వేల మందితో కలిసి చౌదార్ చెరువు నీళ్లు తాగింది మనిషిగా హక్కు చాటడానికి. ఊరికొక బావి, వాడకొక బావి ఉన్న రోజుల్లో వాడ బావి నీళ్లు ఎలా ఉన్నా అవే తాగాలి. తర్వాత బావి పోయి బోరు వచ్చింది. ఆ బోరు నీళ్లను పరీక్షించారా అని అడిగిన వాళ్లు తక్కువ.

మరి ఫ్లోరైడ్ పేస్ట్ ఎందుకు?

ఇది విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న. ఫ్లోరైడ్ చెడు చేస్తే పేస్టులో ఎందుకు పెడతారు? తేడా మింగడంలో ఉంది. చిన్నతనంలో రోజూ ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్తే తయారయ్యే పన్ను, ఎముక పాడవుతాయి. పేస్టులోని ఫ్లోరైడ్ పన్ను పైన కాసేపు నిలిచి, ఆమ్లం కరిగించిన ఖనిజాన్ని తిరిగి గట్టిపరుస్తుంది. తర్వాత దాన్ని ఉమ్మేస్తాం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్ టూత్‌పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశ నిబంధనల ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు, ఎంత ఉందో ట్యూబ్ మీద రాయాలి. కొన్ని మూలికా పేస్టుల్లో ఫ్లోరైడ్ అసలు ఉండదు. కొనేముందు వెనక చదవాలి.

బోరు నీళ్లు తాగే ఇళ్లలో చిన్నపిల్లల విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. మూడేళ్ల లోపు వాళ్లకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీ గింజంత పేస్ట్ చాలు. మింగకుండా ఉమ్మేలా పెద్దవాళ్లు పక్కన ఉండి చూడాలి.

నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన నీళ్లు పోయి మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. బీఐఎస్ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములు.

ఇంట్లో చేయాల్సింది

మెత్తటి బ్రష్‌తో పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, రెండేసి నిమిషాలు తోమాలి. రెండిట్లో రాత్రిది ముఖ్యం, నిద్రలో ఉమ్మి తగ్గి పుచ్చుకు అవకాశం పెరుగుతుంది. బ్రష్‌ను చిగురు, పన్ను కలిసే చోట ఏటవాలుగా పెట్టి చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పాలి, రంపంలా అడ్డంగా లాగొద్దు. నురగ ఉమ్మేసి, వెంటనే గ్లాసుడు నీళ్లతో పుక్కిలించకుండా ఉంటే ఫ్లోరైడ్ కాసేపు పని చేస్తుంది. పుల్లటివి తిన్నాక, కూల్‌డ్రింక్ తాగాక అరగంట ఆగి తోమాలి, ఈలోపు మామూలు నీళ్లతో పుక్కిలిస్తే చాలు. బ్రష్ కుచ్చు విచ్చుకుంటే, లేదా మూడు నెలలకోసారి, మార్చాలి. ఒక బ్రష్ ఇద్దరు వాడొద్దు. చిగురు నుంచి రక్తం వస్తే తోమడం ఆపొద్దు. రక్తం సాధారణంగా పాచి వల్ల వాచిన చిగురుకు గుర్తు. వారం పది రోజుల్లో తగ్గకపోతే చూపించుకోవాలి.

తెల్లబడటానికి నిజంగా పని చేసే రసాయనం హైడ్రోజన్ పెరాక్సైడ్. డెంటిస్టులు వాడేది అదే, లేదా దాన్ని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. ఐరోపా యూనియన్ 2011లో తెచ్చిన నియమం ప్రకారం 0.1 శాతం మించిన పెరాక్సైడ్ ఉత్పత్తులను నేరుగా జనానికి అమ్మకూడదు. 6 శాతం దాకా ఉన్నవి డెంటిస్ట్ చేతుల మీదుగానే మొదలవ్వాలి, 18 ఏళ్ల లోపు వాళ్లకు వాడకూడదు. మెడికల్ షాపులో పుండ్లు కడగడానికి అమ్మే సీసాను నోట్లో పోసుకోవడం ప్రమాదం. ‘వైటెనింగ్’ అని రాసిన పేస్టులు పైమచ్చను మాత్రమే తీస్తాయి. ఫ్లోరోసిస్ మచ్చలకు డెంటిస్టులు పైపొరను సన్నగా తీయడం, రెజిన్‌తో నింపడం, తొడుగు వేయడం లాంటి పద్ధతులు వాడతారు. అవన్నీ ఇంట్లో అయ్యేవి కావు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మచ్చ వల్ల నొప్పి, గుంటలు లేకపోతే ఏమీ చేయించుకోకపోవడం కూడా సరైన నిర్ణయమే.

అడగాల్సింది

పళ్లు అందం సమస్య మాత్రమే కాదు. సైన్యంలో చేరాలంటే కనీసం 14 డెంటల్ పాయింట్లు ఉండాలి. పరుగులో గెలిచి, పుచ్చి పీకించుకున్న దవడ పళ్ల వల్ల వెనక్కి రావాల్సిన పరిస్థితి మన పిల్లలకు రాకూడదు. చిన్నప్పుడు పట్టుకుంటే చిన్న ఖర్చుతో నిండే పుచ్చు, ఆలస్యమైతే పన్ను పీకేదాకా వెళ్తుంది.

కాబట్టి విద్యార్థులు, కార్యకర్తలు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల కాస్మెటిక్ చార్జీలను పెంచింది. ఏడో తరగతి దాకా అమ్మాయిలకు నెలకు 55 రూపాయల నుంచి 175కు, ఎనిమిది నుంచి పది దాకా 75 నుంచి 275కు. సబ్బు, నూనె, పేస్ట్, బ్రష్ ఆ డబ్బులోనే రావాలి. ఆ డబ్బు నెల నెలా అందుతోందా, దానితో ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ వస్తోందా అని ప్రతి హాస్టల్లో అడగొచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించాల్సిన అంశాల్లో పంటి సమస్యలు కూడా ఉన్నాయి. ఆ బృందం మీ స్కూలుకు చివరిసారి ఎప్పుడు వచ్చిందో, ఎంతమందిని డెంటిస్ట్ దగ్గరకు పంపిందో రిజిస్టర్‌లో ఉండాలి. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద హాస్టళ్లకు దంత పరీక్షలు అడగడం న్యాయమైన డిమాండ్.

అన్నిటికంటే ముందు నీళ్లు. వాడలో ఇంకా తాగుతున్న ప్రతి బోరుకు ఫ్లోరైడ్ పరీక్ష ఫలితం చూపించమని పంచాయతీని, మున్సిపాలిటీని, మిషన్ భగీరథ అధికారులను అడగాలి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. నల్లా రాని రోజుల్లో జనం ఏ నీళ్లు తాగుతున్నారో కూడా రాసుకోవాలి. నల్లా బిగించినంత మాత్రాన లెక్క పూర్తి కాదు.

పెబ్బేరు విద్యార్థిని నిమ్మకాయ మానేసింది. మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్ వాడుతోంది, జివ్వుమనడం తగ్గుముఖం పట్టింది. మచ్చలు అలాగే ఉన్నాయి. ఈ మధ్య అమ్మమ్మ ఊరికి వెళ్లి, చిన్నప్పుడు తను నీళ్లు తెచ్చిన బోరింగ్ దగ్గర ఇప్పుడు ఎన్ని ఇళ్ల వాళ్లు బిందెలు నింపుకుంటున్నారో లెక్క రాసుకొచ్చింది. పరీక్ష కోసం దరఖాస్తు ఎవరి పేరు మీద పెట్టాలని మమ్మల్ని అడిగింది. తన పేరు మీదే పెట్టమని చెప్పాం.